సవరణ

మనీలాలో, సముద్రం వైపు కిటికీలున్న భవనంలో
సముద్రం కనపడని గది నాది.
ప్రభుత్వం ఇంగ్లీషులో పలికినదాన్ని
సాయంత్రం అయిదులోగా తగాలోగ్‌లోకి దించడం నా పని.
ఎడారి దేశాల వంటిళ్లలో ఒళ్లు కాలినవాళ్లు,
ఓడ మీంచి జారిపోయారని చెప్పబడినవాళ్లు,
ఇరవై రెండేళ్లుగా
ఎవరి దుఃఖాన్నయినా మూడు పేరాల్లో సర్దగలను.

ఈసారి వచ్చిన పేరు ఇసిద్రో కతపాంగ్.
సరుకు ఓడ ఇంజను గదిలో నూనె పోసేవాడు.
పరాయి రేవులో, జీతాలందని పద్దెనిమిది మంది పేర్లు
సిగరెట్ పెట్టె చింపి, దాని వెనక రాసి
అక్కడి పత్రికవాళ్ల చేతిలో పెట్టాడు.
నూట నలభై రోజులైంది.
ఏ జైలో వాళ్లు చెప్పరు,
మేము గట్టిగా అడగం.

మొదటి చిత్తులో "ఖండిస్తున్నాం" అని ఉంది, నేను చూశాను.
రెండో అంతస్తుకు వెళ్లొచ్చేసరికి
అది "తీవ్ర ఆందోళన" అయింది.
వాణిజ్య శాఖ ఫోను చేశాక "తీవ్ర" రాలిపోయింది.
వాళ్ల గోధుమల ఓడ ఇంకా మన రేవుకు చేరలేదట.
అండర్‌సెక్రటరీ మగ్‌బనువా ఆకుపచ్చ సిరాతో
మిగిలిన ఆందోళనని కూడా కొట్టేసి
"పరిణామాలను గమనిస్తున్నాం" అని రాసి
నాతో మెల్లగా అన్నాడు:
"కోపం లేక కాదు పెర్పెతువా,
తలుపు విసురుగా వేస్తే
లోపలున్నవాడి వేళ్లే నలుగుతాయి."

ఆ మాటలో అబద్ధం లేదు.
ఆయన చెడ్డవాడైతే
ఈ కవిత ఇక్కడే అయిపోయేది.

మంగళవారం మంగళవారం అదెలీనా ఫోను చేస్తుంది.
బతాంగస్ బస్టాండులో
బెల్లప్పాకంలో వేయించిన అరటిపళ్లు
పుల్లలకు గుచ్చి అమ్ముతుంది.
నూనె చిటపటల వెనక నుంచి ఆమె గొంతు.
ఒక్కసారీ ఏడవలేదు. లెక్కలడుగుతుంది:
"పోయిన నెల ప్రకటనలో మా ఆయన పేరు రెండుసార్లుంది,
ఈ నెల ఒక్కసారే. ఎందుకని?"
ఒకసారి మాత్రం ఇలా అడిగింది:
"అంతటా మేము, మేము అని రాస్తారు.
మేము అంటే, వింటున్న నన్ను తీసేసే కదా?"

ఇంగ్లీషుకి ఒక్కటే మాట.
అందులో ఎవరైనా దూరొచ్చు, ఎవరినైనా గెంటేయొచ్చు.
మాకు రెండున్నాయి.
కామి: గడప లోపల నిలబడి చెప్పే మేము.
తాయో: కంచంలో చెయ్యి పెట్టమని పిలిచే మనం.
ప్రభుత్వానికి రెండోది గుర్తొచ్చేది
పన్నులప్పుడూ తుపాన్లప్పుడూ.

ఆ సాయంత్రం కరెంటు పోయింది.
జనరేటరు అందుకునేలోగా, చీకట్లో
వేళ్లు వాటంతటవే వెళ్లాయని చెప్పను.
తెలిసే కొట్టాను:
"ఇసిద్రో క్షేమాన్ని మనం కోరుకుంటున్నాం."
ఒక్క చోటే.
మిగిలినవన్నీ మేముగానే ఉంచాను.
పిరికితనమో, పొదుపో.

మర్నాడు పదిన్నరకి సవరణ వెలువడింది.
"నిన్నటి ప్రకటనలో దొర్లిన టైపు దోషానికి
తీవ్రంగా చింతిస్తున్నాం."
తీవ్రంగా!
నూట నలభై రోజులు ఒక మనిషికి దొరకని మాట
ఒక సర్వనామానికి దొరికింది.
నాకు మెమో వచ్చింది, ఆకుపచ్చ సిరాలోనే.
అడుగున, సంతకం పక్కన, చిన్నగా:
"వాన పడేట్టుంది, గొడుగు మర్చిపోకు."

మంగళవారం ఫోను మోగింది.
మునిసిపల్ హాలు గోడమీంచి
మొదటి కాగితాన్ని గోళ్లతో ఊడదీసి,
నూనె పడకుండా ప్లాస్టిక్ కవరులో పెట్టి
బండికి కట్టుకుందట.
సవరణ సంగతి నేనే చెప్పబోయాను.
బాణలిలో ఏదో చుయ్యిమంది.

"అది మాకింకా అందలేదు," అంది అదెలీనా.
"పరిణామాలను గమనిస్తున్నాం."